హోషేయ రాసిన ‘కాబట్టి’: రాలిన పక్షులూ అంత్యదినాలూ

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు కుప్పకూలుతున్న రోజులవి. తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ బర్డ్ ఫ్లూ అని భోపాల్ ప్రయోగశాల తేల్చింది. చికెన్ కొట్ల ముందు ఈగలు తప్ప మనుషులు లేరు. అప్పుడే మా పిన్ని ఫోనుకు ఒక వీడియో పంపింది. రోడ్డు మీద వందల కొద్దీ నల్లటి పక్షులు చచ్చి పడి ఉన్నాయి, వెనకాల విషాద సంగీతం, తెర మీద పక్షులూ చేపలూ నశించడం గురించి చెప్పే బైబిల్ వాక్యం, ప్రవక్త హోషేయ పుస్తకంలోని 4:3. కింద పిన్ని మాట: ‘కడవరి దినాలు బాబూ, సిద్ధపడు.’

ఆ పక్షులు మనవి కావు. మగపక్షి భుజం మీద ఎర్రటి పట్టీ ఉంది. అమెరికాలో ‘ఎర్ర రెక్కల నల్లపక్షి’ అని పిలిచే జాతి అది. వీడియో పద్నాలుగేళ్ల నాటిది. ఆ సంగతే పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆగి, ‘వీడియో పాతదైతే వాక్యం అబద్ధమవుతుందా?’ అంది.

ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. వీడియో పాతదని తేల్చేసి చేతులు దులుపుకుంటే ఆ ప్రశ్నకు జవాబు చెప్పినట్టు కాదు. ఇక్కడ రెండు ముడులు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. ఆ పక్షులు ఎలా చనిపోయాయన్నది ఒకటి. ఆ వాక్యం అసలు ఏం చెబుతోందన్నది రెండోది. మొదటిది విప్పడం తేలిక.

అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో బీబీ అని, అప్పట్లో ఏడు వేల జనాభా ఉన్న చిన్న పట్టణం ఉంది. చలికాలంలో ఈ నల్లపక్షులు లక్షల సంఖ్యలో ఒకే చోట చేరి చెట్ల మీద రాత్రి గడుపుతాయి. 2010 డిసెంబరు 31 రాత్రి కొత్త సంవత్సరం సందట్లో అవి నిద్రపోతున్న చోటికి దగ్గర్లో పెద్ద పేలుళ్లు వినిపించాయి. గుంపంతా ఒక్కసారిగా లేచింది. చీకట్లో వీటికి చూపు సరిగా ఆనదు. పైకి పోలేక, ఎటు పోవాలో తెలియక ఇళ్ల కప్పులకూ, స్తంభాలకూ, చెట్లకూ గుద్దుకున్నాయి. తెల్లారేసరికి ముంగిళ్లలోనూ వీధుల్లోనూ దాదాపు 5 వేల పక్షులు పడి ఉన్నాయి. ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులు వేసుకున్న మనుషులు వాటిని ఏరుతున్న దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. నా ఉద్దేశంలో జనాన్ని పక్షుల కంటే ఎక్కువగా ఆ దుస్తులే భయపెట్టాయి.

కోసి చూస్తే లోపల రక్తస్రావం, బలమైన దెబ్బల గుర్తులు కనిపించాయి. విషం ఆనవాళ్లు గానీ అంటువ్యాధి గానీ లేవు. మరుసటి ఏడాది అదే రాత్రి అదే ఊళ్లో మళ్లీ టపాసులు పేలాయి, మళ్లీ పక్షులు రాలాయి, ఈసారి తక్కువ సంఖ్యలో. పోలీసులు టపాసులు ఆపించారు. 2021 కొత్త సంవత్సరం రాత్రి రోమ్ నగరంలో పెద్ద రైల్వే స్టేషను దగ్గర గోరింక జాతి పక్షులు వందల్లో రాలినప్పుడూ వేళ్లన్నీ బాణాసంచా వైపే చూపించాయి.

బీబీ ఘటన ఒక్కటే అయితే ఇంత గోల జరిగేది కాదేమో. ఒకటి రెండు రోజుల ముందే, అక్కడికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, ఆర్కాన్సా నదిలో డ్రమ్ అనే జాతి చేపలు లక్ష దాకా చచ్చి తేలాయి. చనిపోయినవన్నీ దాదాపు ఒకే జాతి కావడంతో నీళ్లలో విషం కలిసి ఉండదనీ, ఏదో వ్యాధి అయి ఉంటుందనీ అధికారులు అనుమానించారు. తర్వాతి వారంలో లూసియానాలో 500 పక్షులు, స్వీడన్‌లోని ఫాల్‌షోపింగ్‌లో కొన్ని పదుల జాక్‌డా కాకులు, అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ అఖాతంలో చలికి తట్టుకోలేక 20 లక్షల చిన్న చేపలు, ఇంగ్లండ్ కెంట్ తీరంలో 40 వేల పీతలు. ఎవరో వీటన్నిటినీ ఒకే ప్రపంచ పటం మీద గుర్తులుగా పెట్టారు. పటం నిండా గుర్తులు చూశాక ఎవరికైనా గుండె జారుతుంది.

మన శాస్త్రాల్లో దీనికి చక్కటి మాట ఉంది, కాకతాళీయం. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకే క్షణంలో జరిగితే కాకి బరువుకే పండు పడిందనుకుంటాం. ఇక్కడ తాటిపండ్లు ఎన్ని, ఎంత తరచుగా రాలుతున్నాయో లెక్క చూసేవాళ్లు కూడా ఉన్నారు. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో అమెరికా ప్రభుత్వ వన్యప్రాణి ఆరోగ్య కేంద్రం 1970ల నుంచి ఇలాంటి సామూహిక మరణాలను నమోదు చేస్తోంది. ఆ దేశంలో ఏడాదికి సగటున 160కి పైగా ఘటనలు లెక్కకు వస్తాయి. అంటే వారానికి మూడు. 2011 జనవరి మొదటి వారం మిగతా వారాలకు పెద్దగా భిన్నం కాదు. ఆ వారం మాత్రం అందరూ ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు.

ఇక్కడితో ఆపితే ‘ఏమీ జరగడం లేదు, అంతా మామూలే’ అన్నట్టవుతుంది. అదీ నిజం కాదు. 1940ల నుంచి నమోదైన 727 సామూహిక మరణాల ఘటనలను పోగుచేసి 2015లో శాస్త్రవేత్తలు ఒక విశ్లేషణ చేశారు. పక్షులు, చేపలు, వెన్నెముక లేని సముద్రజీవుల్లో ఒక్కో ఘటనలో చనిపోయే ప్రాణుల సంఖ్య పెరుగుతూ వచ్చింది. క్షీరదాల్లో పెద్ద మార్పు లేదు. సరీసృపాలు, కప్పల్లో తగ్గింది. కారణాల్లో మొదటి స్థానం వ్యాధులది, మనిషి చేతల వాటా కూడా గట్టిదే. ‘అన్నీ పెరుగుతున్నాయి’ అనేవారికీ ‘ఏదీ మారలేదు’ అనేవారికీ ఈ పట్టిక మింగుడుపడదు.

చూస్తే అచ్చం లోకాంతంలా ఉండే ఘటన ఒకటి చెప్పాలంటే నేను సైగా జింకలదే చెబుతాను. 2015 మే నెలలో కజకిస్తాన్ గడ్డి మైదానాల్లో అవి ఈనడానికి గుంపులుగా చేరాయి. మూడు వారాల్లో 2 లక్షలకు పైగా చనిపోయాయి. తల్లులు ముందు కూలాయి, వాటి పొదుగు దగ్గరే పిల్లలు పోయాయి. కొన్ని మందల్లో ఒక్కటంటే ఒక్కటీ మిగల్లేదు. చంపింది పాశ్చురెల్లా అనే బాక్టీరియా. అది మామూలు రోజుల్లో ఆ జింకల గొంతులోనే ఏ హానీ చేయకుండా బతుకుతుంది. ఆ మేలో వేడి, తేమ అసాధారణంగా పెరగడంతో అది రక్తంలోకి చొరబడింది. విచిత్రం ఏమిటంటే 2022 నాటికి ఆ దేశంలో సైగాల సంఖ్య 13 లక్షలు దాటింది. బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో దేవదూత ఉగ్రత పాత్ర కుమ్మరించాక ఏడేళ్లలో మందలు తిరిగి వచ్చినట్టు ఎక్కడా లేదు.

మన దేశంలో 2019 నవంబరులో రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సు ఒడ్డున 18 వేలకు పైగా వలసపక్షులు చనిపోయాయి. బాక్టీరియా విషంతో వచ్చే బొటులిజం అని బరేలీ పరిశోధన సంస్థ తేల్చింది. మెడ నిలబడదు, రెక్కలు వాలిపోతాయి, తల నీళ్లలో పడి పక్షి మునిగిపోతుంది. ఆ కళేబరానికి పట్టిన పురుగుల్లో విషం చేరుతుంది, పురుగుల్ని తిన్న పక్షి కూడా అలాగే పోతుంది. అందుకే అక్కడ కళేబరాలను వెంటవెంటనే ఏరి పూడ్చడమే వైద్యమైంది.

చేపలు ఎందుకు తేలతాయో మాత్రం ఆర్కాన్సా దాకా పోయి తెలుసుకోనక్కర్లేదు. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువుల మీద కాపలా పడుకునే ఎవరినడిగినా చెబుతారు. మబ్బు పట్టిన రోజు నీళ్లలోని నాచు పగలంతా ఆక్సిజన్ సరిగా తయారు చేయదు, రాత్రంతా ఉన్నదాన్ని పీల్చేస్తుంది. తెల్లవారుజాము మూడు నాలుగు గంటలకు చేపలు పైకొచ్చి మూతులు తెరిచి గాలి మింగుతుంటాయి. నీటి మీద చినుకులు పడుతున్నట్టు చప్పుడు. కాపలావాడు లేచి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేస్తాడు. ఆ రాత్రి కరెంటు పోయి, జనరేటరు మొరాయిస్తే తెల్లారేసరికి చెరువంతా తెల్లటి పొట్టలే. అలా పంట మొత్తం పోగొట్టుకున్న రైతుల్లో ఆదివారం ఉదయం ఆరాధనకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. వాళ్లు పాస్టరు గారితో ప్రార్థన చేయించుకుంటారు, నీళ్ల పరీక్షా చేయించుకుంటారు. ఆ రెండింటికీ మధ్య వాళ్లకు తగవేమీ కనిపించదు.

ఇక పిన్ని అడిగిన అసలు ప్రశ్న, వాక్యం.

హోషేయ 4:3 తెలుగు బైబిల్లో ‘కాబట్టి దేశము ప్రలాపించుచున్నది’ అని మొదలవుతుంది. పశువులు, ఆకాశపక్షులు, మనుషులు క్షీణిస్తున్నారనీ సముద్ర మత్స్యాలు గతించిపోతున్నాయనీ సాగుతుంది. వీడియోలన్నీ ‘ఆకాశపక్షులు’, ‘మత్స్యములు’ అన్న రెండు మాటలను పట్టుకుంటాయి. నా కళ్లు మాత్రం ‘కాబట్టి’ దగ్గర ఆగుతాయి. ఆ మాట ఉన్నదంటే దానికి ముందు ఒక కారణం ఉండాలి. ఉంది కూడా. మొదటి వచనంలో యెహోవా దేశనివాసులతో ‘వ్యాజ్యెమాడుచున్నాడు’, అంటే కోర్టులో దావా వేశాడు. రెండో వచనంలో అభియోగాలు: అబద్ధసాక్ష్యం, అబద్ధం, హత్య, దొంగతనం, వ్యభిచారం. మూడోది ఆ నేరాలు నేలకు తెచ్చిపెట్టిన గతి. ప్రతివాది ఎవరో కూడా పేరు పెట్టి పిలిచాడు, ఇశ్రాయేలువారు. హోషేయ క్రీస్తుపూర్వం 8వ శతాబ్దపు మనిషి. 722లో అష్షూరు (అస్సీరియా) సామ్రాజ్యం దెబ్బకు ఇశ్రాయేలు ఉత్తర రాజ్యపు రాజధాని సమరయ కూలిపోయింది. ఆ కూలిపోబోయే ఉత్తర రాజ్యం గురించి, తన కళ్ల ముందు జరుగుతున్నదాని గురించి ఆయన చెబుతున్నాడు. ‘ప్రలాపించుట’ అని తెలుగు చేసిన హీబ్రూ క్రియకు ఎండిపోవడం అనే ఛాయ కూడా ఉందని పండితులంటారు. వానలు లేక నేల ఎండి, పశువు నుంచి చేప దాకా నశించే కరువు చిత్రం అది. ఎక్కడో ఒక రాత్రి కారణం తెలియకుండా పక్షులు రాలతాయన్న జోస్యం అందులో నాకు కనిపించలేదు.

మరో ప్రవక్త జెఫన్యా పుస్తకంలోని 1:3 కూడా తరచుగా వీడియోల్లోకి వస్తుంది. అక్కడ వరస చూడండి: మనుషులు, పశువులు, పక్షులు, చేపలు. ఆదికాండం మొదటి అధ్యాయంలో చేపలు, పక్షులు, పశువులు, చివరగా మనిషి. జెఫన్యా ఆ వరసను తిరగేశాడు. అల్లిన చాపను చివరి పోగు నుంచి విప్పుకుంటూ వచ్చినట్టు, సృష్టిని వెనక్కి విప్పేయడం. ఇది కవి చేసిన పని. ఇందులోంచి ఫలానా నదిలో ఫలానా జాతి చేపలను ఏరుకోవడం పద్యంలోంచి పంచాంగం తీసినట్టే.

అంత్యకాలం గురించి నేరుగా మాట్లాడే పుస్తకం ప్రకటన గ్రంథం. ఎనిమిదో అధ్యాయంలో రెండో దూత బూర ఊదగానే మండుతున్న పెద్ద కొండలాంటిది సముద్రంలో పడుతుంది. సముద్రంలో మూడో వంతు రక్తమవుతుంది, అందులోని ప్రాణుల్లో మూడో వంతు చస్తాయి. అదే వచనంలో ఓడల్లో మూడో వంతు నాశనమవుతాయి. ఓడల మాట నేను ఏ వీడియోలోనూ చూడలేదు. కొండా ఉండదు. చేపలు ఒక్కటే ఉంటాయి. పదహారో అధ్యాయానికి వస్తే సముద్రంలోని ప్రాణులన్నీ చస్తాయి. ఈ వాక్యాలను అక్షరాలా నమ్మేవారికి లక్ష డ్రమ్ చేపలు ఏ మూలకూ చాలవు. సంకేతాలుగా చదివేవారికి అసలు చేపల లెక్కే అక్కర్లేదు. ఏ పద్ధతిలో చదివినా వీడియో నిలబడదు.

నిజాయితీగా చెప్పాలంటే చదువుకున్న విశ్వాసులు ఒక్కో ఘటనను పట్టుకుని ఇదే నెరవేర్పు అనరు. మత్తయి 24లో యేసు చెప్పిన ‘వేదనలకు ప్రారంభము’ అన్న మాట దగ్గరికి వస్తారు. ప్రసవవేదన నొప్పుల్లా సూచనలు రాను రాను దగ్గరవుతాయి, తీవ్రమవుతాయి అంటారు. ఇది బలమైన వాదన. అయితే ఆ అధ్యాయంలో ఉన్నవి యుద్ధాలు, కరువులు, భూకంపాలు. లూకా తెగుళ్లను చేర్చాడు. జంతువుల మరణాలు రెండింట్లోనూ లేవు. పైగా తీవ్రత పెరుగుతోంది అన్నారంటే అది లెక్కకు సంబంధించిన మాట. లెక్క పట్టిక పైన చూశాం. సగం అవునంటుంది, సగం కాదంటుంది. అదే అధ్యాయంలో 36వ వచనం ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియవంటుంది. 2011 జనవరిలో పక్షులు రాలుతున్నప్పుడే హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో ప్రసంగీకుడు మే 21న తీర్పుదినమని అమెరికా అంతా హోర్డింగులు పెట్టించాడు. ఆ రోజు గడిచింది. అక్టోబరు 21 అన్నాడు. అదీ గడిచింది. 2012 మార్చిలో తప్పు ఒప్పుకున్నాడు. అంత్యకాలం కథతో వచ్చిన సినిమాల్లో నటించిన కిర్క్ కామెరాన్ తెలివైనవాడు. ఈ పక్షుల గురించి సీఎన్‌ఎన్ అడిగితే, ముందు నన్ను కాదు పశువైద్యుణ్ని పిలవాలన్నాడు.

వార్తాపత్రిక ఒక చేత, ప్రకటన గ్రంథం ఒక చేత పట్టుకుని చదివే అలవాటు క్రైస్తవ సంఘంలో మొదటి నుంచీ ఇంత బలంగా లేదు. 19వ శతాబ్దంలో ఐర్లండ్, ఇంగ్లండుల్లో జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడు, ఆయన చుట్టూ ఉన్న బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ సహవాసాలు చరిత్రను యుగాలుగా విభజించి, సంఘం ఎత్తబడటం (విశ్వాసులను పైకి తీసుకుపోవడం), ఆ తర్వాత శ్రమల కాలం అనే క్రమాన్ని వివరంగా బోధించాయి. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిల్ ఆ క్రమాన్ని వచనాల కిందనే వ్యాఖ్యానాలుగా అచ్చువేసింది. చదివేవారికి వాక్యం ఎక్కడ ఆగి వ్యాఖ్యానం ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా పోయింది. మనకూ దీనితో పాత బంధుత్వం ఉంది. 1836లో మిషనరీ ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట వచ్చి గోదావరి డెల్టాలో, నరసాపురం చుట్టుపక్కల పనిచేసిన బౌడెన్, బీర్ కుటుంబాలు బ్రదరెన్ వారే. అయితే మా పిన్ని ఫోను దాకా ఈ పఠనం వచ్చింది ఆ ఒక్క దారిలోనే అనుకోను. మనవాళ్లకు ఈ రుచి వేరే పొయ్యి మీద కూడా తెలుసు. ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

నాకు అన్నిటికంటే వింతగా తోచేది మరొకటి. పక్షిని చూసి రాబోయేది చెప్పడం లోకంలో అతి పాత విద్య. రోమన్లు పక్షుల రాకపోకలు చూడనిదే యుద్ధానికి కదిలేవారు కాదు. మన పాలపిట్టకూ కాకికీ ఎన్ని శకునాలున్నాయో చెప్పనక్కర్లేదు. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం శకునాలు చెప్పడాన్నే నిషేధించింది. ‘ఆకాశమందు అగుపడు చిహ్నములకు భయపడకుడి’ అని యిర్మీయా రాశాడు. పక్షి నేల రాలడం గురించి బైబిల్లో అతి సూటిగా మాట్లాడిన వాక్యం మత్తయి పదో అధ్యాయంలో ఉంది. కాసుకు రెండు పిచ్చుకలు, తండ్రి సెలవు లేక వాటిలో ఒక్కటీ నేల పడదు. ఆ మాట ‘మీరు భయపడకుడి’ అన్న చోటికి వెళ్లి ఆగుతుంది.

దేవుడు ఇలాంటి వాటి ద్వారా మాట్లాడతాడా అన్నది కోసిన పక్షి కడుపులో దొరికే జవాబు కాదు. నేను దాని జోలికి పోను. కానీ హోషేయ ‘కాబట్టి’ని గౌరవిస్తే కారణం వెతకడం విశ్వాసానికి ఎదురు నిలవడం కాదు. ప్రవక్త చేసిన పనే అది. మనుషులు చేసినదాన్ని ముందు చెప్పి, తర్వాత పక్షుల సంగతి చెప్పాడు.

పిన్నితో ఇవన్నీ ఒక్క ఫోనులో చెప్పలేదు. రాబందుల సంగతి మాత్రం చెప్పాను. 1990ల మొదట్లో మన దేశంలో ఊరి చివర పశువు కళేబరం పడేస్తే గంటలో రాబందులు వాలి ఎముకలు మిగిల్చేవి. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందుల్లో నూటికి 99కి పైగా పోయాయి. ఒక్క చోట కుప్పగా రాలలేదు. ఒకటి చెట్టు కొమ్మ మీద మెడ వాల్చేసుకుని రోజుల తరబడి కూర్చుంది, మరొకటి గూటి కింద పడింది. 2004లో కారణం దొరికింది. నొప్పి తగ్గడానికి పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్. ఆ మందు ఒంట్లో ఉన్న పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు ఆగిపోయేవి. కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. రాబందులు లేక కళేబరాలు కుళ్లి, నీళ్లు పాడై, కుక్కలు పెరిగి, 2000 నుంచి 2005 వరకే దాదాపు 5 లక్షల అదనపు మనిషి మరణాలు జరిగాయని ఆర్థికవేత్తల అంచనా. ఆ తర్వాత తెలంగాణలో రాబందుల్ని చూడాలంటే ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట లాంటి మారుమూల చోట్లకు పోవాల్సి వచ్చింది.

ఆ పదిహేనేళ్లలో ఒక్క వీడియో రాలేదు, ఒక్క పటం గీయలేదు. పిన్ని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత బైబిల్ తెచ్చుకుని మత్తయి 24 తీసింది. యేసు అంత్యదినాల గురించి మాట్లాడిన ఆ అధ్యాయంలో పక్షి ప్రస్తావన ఒక్క చోటే వస్తుంది, 28వ వచనంలో. మన అనువాదంలో గద్దలన్నారు గానీ ఆ గ్రీకు మాట రాబందులకూ వర్తిస్తుంది. పిన్ని ఫోనులోనే పైకి చదివింది: ‘పీనుగు ఎక్కడ ఉన్నదో అక్కడ గద్దలు పోగవును.’

‘మన ఊళ్లో పోగవలేదు కదా బాబూ,’ అంది.